ఆరో అధికరణ గారికి, 37వ బిట్టు విషయమై

మహారాజశ్రీ ఆరో అధికరణ గారి సముఖానికి,
అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ), ఐదు దాటాక, ఏడు రాకముందు.

హనుమకొండలో గ్రూప్స్ పిల్లలకు గంటల లెక్కన పాఠాలు చెప్పుకునే ఒక సారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. 1970 మార్చి 5న అమల్లోకి వచ్చిన నాటి నుంచి మిమ్మల్ని పెద్దగా ఎవరూ వాడింది లేదు కాబట్టి, పెట్టెలో పెట్టిన పెళ్లిచీరలా మీరూ మడత నలగకుండా ఉన్నారనే అనుకుంటున్నాను.

నిన్న ఆదివారం. సెంటర్‌లో గ్రాండ్ టెస్ట్. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంట్లో అన్నంలో పచ్చిపులుసు పోసుకుంటుంటే ఫోను. "సార్, 37వ బిట్టు మీద లొల్లి అయితున్నది, జర మీరు రావాలె." చెయ్యి కడుక్కుని పోయాను. మూడో అంతస్తు, పైన రేకులు, కరెంటు లేదు, లోపల తొంభై మంది పిల్లలు. బ్లాక్‌బోర్డు దగ్గర నన్ను నిలబెట్టి ప్రశ్నపత్రం చేతిలో పెట్టారు.

"37. ఎన్‌పీటీ ప్రకారం అణ్వాయుధ దేశాలు పూర్తి నిరాయుధీకరణ సాధించాల్సిన గడువు ఏది? 1) 1995 2) 2000 3) 2010 4) 2020." కీలో జవాబు: 1.

ఆ బిట్టు నేను చేసింది కాదు. ఏనాటిదో బిట్ బ్యాంకులోంచి దించారు. తప్పు ఎక్కడ పడిందో మాత్రం చూడగానే తెలిసింది. 25 ఏళ్ల కోసం పుట్టిన ఒప్పందాన్ని 1995 మే 11న న్యూయార్క్‌లో శాశ్వతంగా పొడిగించారు. ఆ సంవత్సరాన్ని ఎవరో గడువు అనుకున్నారు. అంటే ఉన్న ఒక్క గడువునూ తీసేసిన ఏడాదే మా కీలో గడువు అయి కూర్చుంది.

మూడో ఆప్షన్ పెట్టినవాళ్లు బలంగా ఉన్నారు. "సార్, రాజీవ్ గాంధీ 2010 అన్నడు గద" అని వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. అన్నాడు నాయనా. 1988 జూన్‌లో ఐక్యరాజ్యసమితిలో నిలబడి, 2010 కల్లా ప్రపంచంలో అణ్వాయుధం ఉండొద్దని దశలవారీ ప్రణాళిక చదివాడు. అది మన ప్రణాళిక. ఎన్‌పీటీ మీద మనం సంతకమే పెట్టలేదు. "మరి ఒప్పందంలో ఏమున్నది సార్?" అన్నాడు. అక్కడ దొరికిపోయాను.

పదిహేనేళ్లుగా మీ గురించి పాఠం చెబుతున్నాను. ఆర్టికల్ ఆరు, నిరాయుధీకరణ, మూడు స్తంభాల్లో ఒకటి, నెక్స్ట్. అక్షరం అక్షరం ఎన్నడూ చదవలేదు. నిన్న తొంభై మంది ముందు ఫోన్‌లో ఒప్పందం తెరిచి, మొదటి నుంచి పదకొండు అధికరణలూ బిగ్గరగా చదివాను. నా జీవితంలో అంత వృథా అయిన మధ్యాహ్నం లేదు. అన్ని తేదీలు దొరికిన మధ్యాహ్నమూ లేదు.

మూడో అధికరణ చూడండి. బాంబు లేని దేశాలు తమ అణు కేంద్రాలను తనిఖీకి తెరవాలి. దానికి చర్చలు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఒప్పందం అమల్లోకి వచ్చిన 180 రోజుల్లో. నూట ఎనభై! ఆరు నెలలని కూడా అనలేదు, రోజులు లెక్కపెట్టారు. ఆ చర్చలు ఎప్పటికి తేలాలి? మొదలైన 18 నెలల్లోపు. తొమ్మిదో అధికరణ: 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చినవాళ్లే అణ్వాయుధ దేశాలు. చైనా 1964 అక్టోబర్‌లో పేల్చి గేటు మూసేలోపు లోపలికి దూరింది. ఒక నిమిషం ఆలస్యమైనా అనుమతించబడదని మా పరీక్ష హాల్ టికెట్ల మీద ఉంటుందే, అదే పద్ధతి. పదో అధికరణ: ఎవరైనా బయటికి పోవాలంటే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. లేనివాడు ఏం చేయాలో రోజుల్లో ఉంది. పోయేవాడు ఏం చేయాలో నెలల్లో ఉంది.

తర్వాత మీ వంతు వచ్చింది. ఉన్నవాడు ఏం చేయాలి?

చదివాను. ఒకే ఒక్క వాక్యం. అణు ఆయుధపోటీని త్వరలో ఆపడానికీ, అణు నిరాయుధీకరణకూ తగిన చర్యలపై చిత్తశుద్ధితో చర్చలు జరుపుతామని ప్రతి దేశమూ మాట ఇస్తోంది. ఆ తర్వాత ప్రపంచంలోని ఆయుధాలన్నీ పోయే మరో ఒప్పందం గురించి ఒక ముక్క. అంతే, చుక్క.

తేదీ లేదు. పైగా ఆ "త్వరలో" అన్న మాటైనా నిరాయుధీకరణకు అంటుకుని లేదు స్వామీ, పోటీ ఆపడానికి మాత్రమే అంటుకుని ఉంది! రెండోసారి చదివాను, మూడోసారి చదివాను. నిరాయుధీకరణకు త్వరలో కూడా లేదు, నిదానంగా కూడా లేదు. ఊరికే ఉంది.

ఇక క్రియాపదం. "ఆయుధాలు తీసేస్తాం" అని లేదు. "చర్చలు జరుపుతాం" అని ఉంది. మీ ఇంగ్లీషును మా భాషలోకి దింపితే "మాట్లాడుదాం పటేలా" అని వస్తుంది. అప్పు అడగడానికి పోయినవాడికి ఆ మాట వినబడితే, చెప్పులు వేసుకుని వెనక్కి రావడమే.

ఈ క్రియాపదాల విద్యలో మమ్మల్ని మోసం చేయడం కష్టం, మేం వరంగల్ వైపువాళ్లం. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో మాకు ఉక్కు ఫ్యాక్టరీ రాసి ఉందని ఊళ్లన్నీ సంబరపడ్డాయి. బయ్యారం ఇనుపరాయి, సింగరేణి బొగ్గు, ఇంకేం కావాలి! చట్టం తెరిస్తే ఏముంది? ఖమ్మం జిల్లాలో (బయ్యారం అప్పుడు ఆ జిల్లాలోనే) ఫ్యాక్టరీ పెట్టడానికి వీలవుతుందో కాదో ఆరు నెలల్లో పరిశీలించాలని ఉంది. కట్టాలని ఎక్కడా లేదు. పరిశీలించారు. కొలిమి మాత్రం వెలగలేదు. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ సంగతి మా నాన్న చెప్పేవాడు, అది కపుర్తలాకు పోయింది. 2023 జూలైలో కాజీపేటలో రైల్వే యూనిట్‌కు శంకుస్థాపన అయింది. చూడడానికి ఆయన లేడు. అందుకే అంటున్నాను, మీ వాక్యం రాసినాయన జెనీవాలోనో మాస్కోలోనో పుట్టాడంటే నేను నమ్మను. మా సచివాలయంలో కనీసం డెప్యుటేషన్ చేసి ఉంటాడు.

ఇంతకీ మీరు ఒక్కరే దోషులని నేను అనను. 1996 జూలైలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం మీ మాటను విప్పి చెప్పింది: చర్చలు జరపడమే కాదు, వాటిని ఒక ముగింపుకు తేవాల్సిన బాధ్యత కూడా ఉందని. జడ్జీలందరూ ఏకగ్రీవంగా. ఎన్నడు తేవాలో మాత్రం వాళ్లూ చెప్పలేదు. 1946 నుంచి 1958 దాకా 67 అణు పరీక్షలను నెత్తిన మోసిన మార్షల్ దీవులు 2014లో అదే కోర్టుకు పోయి, బాంబులున్న తొమ్మిది దేశాల మీదా కేసు వేసింది. మూడు దేశాల మీదే అది ముందుకు సాగింది: బ్రిటన్, పాకిస్తాన్, మనం. 2016లో కోర్టు ఏమందో తెలుసా? కేసు వేసే నాటికి మీ మధ్య "వివాదం" ఉన్నట్టు రుజువు కాలేదు, కాబట్టి విచారించలేం అంది. బ్రిటన్ కేసులో ఎనిమిదికి ఎనిమిది ఓట్లు పడితే అధ్యక్షుడి ఓటుతో తేల్చారు. మీద బాంబు పడ్డవాడు ముందు పోయి పోట్లాట పెట్టుకుని, ఆ తర్వాత ఫిర్యాదు రాయాలన్నమాట. మా ఠాణాల్లో కూడా ఇంత వినయం కనబడదు.

మన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పిల్లలు నన్ను నవ్వుతారు. ఈ ఒప్పందంలో వివక్ష ఉందని మనం సంతకం పెట్టలేదు. నిన్న చదివాక ఆ వాదనకు ఇంకో రెండు మార్కులు వేస్తాను. కానీ పేపర్ మీద సంతకం చేయనివాళ్లం పరీక్ష రాయకుండా ఉన్నామా? కెనడా ఇచ్చిన రియాక్టర్, అమెరికా ఇచ్చిన భారజలం, వాటిలోంచి తీసిన ప్లుటోనియం, 1974 మే 18, పోఖ్రాన్. దానికి పేరు "శాంతియుత" విస్ఫోటనం. 1998 మేలో మళ్లీ ఐదు, ఈసారి శాంతి అన్న మాట కూడా పక్కన పెట్టాం. 1974లో మన దెబ్బకు పుట్టిన అణు సరఫరాదారుల బృందమే 2008 సెప్టెంబర్‌లో అణు వ్యాపారానికి మనకు మినహాయింపు ఇచ్చింది. 2017లో 122 దేశాలు కలిసి బాంబునే నిషేధించే ఒప్పందం తెచ్చినప్పుడు ఆ చర్చలకు మనం పోనేలేదు. 1988లో తేదీ పెట్టి అడిగినవాళ్లం మనమే కదా సారూ అంటే, ఆ తేదీ దాటిపోయింది కదా అంటారేమో!

ఐదేళ్లకోసారి న్యూయార్క్‌లో నాలుగు వారాలు సమీక్ష పెడతారు. 2000లో నిరాయుధీకరణకు పదమూడు మెట్లు. 2010లో 64 అంశాల కార్యాచరణ. 2015లో ఏమీ తేలలేదు. 2020ది కరోనా వల్ల 2022కు జరిగి అప్పుడూ తేలలేదు. జాబితాలు పెరుగుతాయి, తేదీ రాదు. ఆయుధాలను నిజంగా లెక్కపెట్టి తగ్గించింది అమెరికా, రష్యా విడిగా రాసుకున్న కాగితాలు. వాటిలో చివరిది న్యూ స్టార్ట్, మోహరించిన వార్‌హెడ్లు 1,550 దాటొద్దన్నది. దానికి మాత్రం తేదీ ఉంది. 2026 ఫిబ్రవరి 5న గడువు తీరుతుందని రాసుకున్నారు, ఆ రోజే తీరింది. తగ్గించే ఒప్పందం చావడానికి తేదీ పెట్టుకున్నారు, నీకు బతకడానికి ఒక తేదీ దొరకలేదా? యాభై ఐదేళ్లు దాటింది! నువ్వు పుట్టిన నాడు పుట్టినవాడు నౌకరీ వెతికి, దొరికి, చేసి, రిటైర్‌మెంట్ కాగితాలు సర్దుకుంటున్నాడు. నువ్వు ఇంకా "చిత్తశుద్ధితో" అంటున్నావు. ఎవని చిత్తం, ఎక్కడి శుద్ధి? పన్నెండు వేల పైచిలుకు వార్‌హెడ్లు పెట్టుకుని, అందులో పదిట్లో దాదాపు తొమ్మిది రెండే దేశాలు పెట్టుకుని, చిత్తశుద్ధి!

క్షమించాలి. ఏకవచనం దొర్లింది. రేకుల కింద వేడి ఎక్కువ.

చల్లబడ్డాక ఒక మాట ఒప్పుకోవాలి. మీరు లేకుంటే ఇంకా ఘోరంగా ఉండేదేమో. 1963లో కెనడీ, పదిహేను నుంచి పాతిక దేశాల చేతుల్లో బాంబు ఉంటుందేమోనని భయపడ్డాడు. ఈనాటికి తొమ్మిది. దక్షిణాఫ్రికా తాను చేసుకున్న ఆరు బాంబులను విప్పేసి 1991లో మీ ఒప్పందంలో చేరింది. కజకిస్తాన్, బెలారస్, ఉక్రెయిన్ తమ గడ్డ మీదున్నవి పంపేశాయి. (ఉక్రెయిన్‌ను ఇప్పుడు ఏమీ అడగకండి.) 1980ల్లో డెబ్బై వేల దాకా పోయిన లెక్క పన్నెండు వేలకు దిగింది. ఇంట్లో పని చేయని పెద్దమనిషే అయినా, అరుగు మీద కూర్చుని ఉంటే దొంగలు కాస్త జంకుతారు. మీరు ఆ పని చేశారు. నేను కాదనను. కానీ జీతం మొత్తం మీ పక్కింటి అధికరణలే సంపాదించాయి, అదీ చెప్పాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. 37వ బిట్టు తప్పు అని తేల్చి, పద్ధతి ప్రకారం, ఏదో ఒక జవాబు పెట్టిన ప్రతి ఒక్కరికీ ఒక మార్కు కలిపాం. 1995 అన్నవాడికీ వచ్చింది, 2020 అన్నవాడికీ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టి లేచారు.

అశ్వాపురం అమ్మాయి ఒకతి లేవలేదు. మణుగూరు భారజల కర్మాగారం ఉన్న ఊరు అది. గోదావరి నీళ్లలోంచి రియాక్టర్ల కోసం భారజలం తీసే చోట పెరిగిన పిల్ల. ఓఎంఆర్‌లో 37 దగ్గర గుండ్రం నింపలేదు. ప్రశ్నపత్రం మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్నగా రాసి ఉంది: "తేదీ లేదు." మొత్తం హాల్లో సరైన జవాబు అదొక్కటే. మార్కు రానిది కూడా ఆమె ఒక్కతికే, ఎందుకంటే ఏ ఆప్షనూ "అటెంప్ట్" చేయలేదు. "నేను చదివిన సార్, లేదు. లేనిదాన్ని ఎట్ల పెట్టాలె?" అంది. గొంతు పెద్దగా చేయలేదు. ర్యాంకుల పట్టికలో ఆమె ఆరో స్థానం నుంచి పదకొండుకు పోయింది.

నిర్వాహకుడి దగ్గరికి పోయాను. ఈ పిల్లకు మార్కు కలపాలి అన్నాను. "చేద్దాం సార్, ఏముంది, లిస్టు గ్రూపులో పెట్టేసిన, మల్ల చేద్దాం" అన్నాడు. ఎప్పుడు అన్నాను. "చేద్దాం సార్" అన్నాడు. నేను కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఈ కాగితం మీద రాయి తమ్మీ అన్నాను. ఆయన నన్ను పిచ్చివాడిలా చూసి, చివరికి రాశాడు: బుధవారం సాయంత్రం ఐదు. కింద సంతకం పెట్టించుకున్నాను.

ఆ కాగితం జేబులోనే ఉంది. కరెంటు వచ్చాక కింద జిరాక్స్ షాపులో రెండు కాపీలు తీయించాను, ఒకటి ఆ పిల్లకు ఇచ్చాను. రెండోది ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను, తేదీ ఎట్లా రాస్తారో నమూనాగా ఉంటుందని.

ఇట్లు,
మీ ఆరు తప్ప మిగిలిన పది అధికరణలూ తేదీలతో సహా నోటికి వచ్చిన
హనుమకొండ సారు