తెర మీద చూపిస్తే ప్రయోగం అయిపోదు

సైన్సు బోధనలో టెక్నాలజీ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే: గోడకు బిగించే పెద్ద స్క్రీను, పిల్లల చేతికిచ్చే ట్యాబు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ప్రభుత్వ బడులకు స్క్రీన్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు వీడియో పాఠాలున్న ట్యాబులు కూడా పంచారు. ప్రైవేటు బడులైతే అడ్మిషన్ల కాలంలో డిజిటల్ తరగతి గది బొమ్మతోనే ఫ్లెక్సీలు కడతాయి. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే టీచరుగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వీటిలో ఎక్కువ భాగం నల్లబల్లకు ఖరీదైన రూపమే. మునుపు టీచరు చెబితే పిల్లలు విన్నారు, ఇప్పుడు తెర చెబితే వింటున్నారు.

స్క్రీను వద్దని నేననను. గుండె కవాటాలు తెరుచుకోవడం, కణ విభజన, గ్రహాల కదలిక లాంటివి చూపించడానికి అది నిజంగా కావాలి. కానీ లోలకం ఊగడాన్ని కూడా వీడియోలోనే చూపిస్తున్నాం. దారం, రాయి దొరకని ఊరు ఉందా? మీటరు పొడవు దారానికి రాయి కట్టి వదిలితే, ఒకసారి అటు వెళ్లి ఇటు రావడానికి రెండు సెకన్లు పడుతుంది. రాయి బరువు మార్చినా ఆ కాలం మారదని పిల్లలు నమ్మరు. రెట్టింపు బరువున్న రాయి కట్టి, తామే లెక్కపెట్టి చూసుకున్నాకే నమ్ముతారు. వీడియోలో ప్రయోగం ప్రతిసారీ సరిగ్గానే వస్తుంది, రీడింగు ఎన్నడూ తప్పదు. అనుమానించాల్సిన అవసరమే లేని చోట పిల్లలు సైన్సు ఎలా నేర్చుకుంటారు?

విద్యుత్ పాఠం తీసుకోండి. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. పదో తరగతిలో ఎవరిని లేపి అడిగినా అప్పజెబుతారు. అదే అమ్మాయిని మీ ఇంట్లో ఫ్యాను రాత్రంతా తిరిగితే ఎంత కరెంటు కాలుతుందని అడగండి, దిక్కులు చూస్తుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆ పాఠమంతా వాళ్ల ఇంటి గోడకే వేలాడుతున్నా, దాని వైపు చూడమని మనం ఒక్కసారైనా చెప్పలేదు.

ఎలక్ట్రానిక్ కరెంటు మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు మీదే ముద్రించి ఉంటుంది. ఆ సంఖ్య 3200 అనుకుందాం. 36 లక్షలను 3200తో భాగిస్తే 1125 వస్తుంది. అంటే ఆ లైటు వెలిగిన ప్రతిసారీ ఇంట్లో 1125 జౌళ్లు ఖర్చయినట్టు. ఇక మిగతా అన్నీ ఆపి ఒక్క ఫ్యాను వేసి, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని, లైటు ఒకసారి వెలిగాక మళ్లీ వెలగడానికి ఎంత సేపు పట్టిందో చూడాలి. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్ కాబట్టి, 15 సెకన్లు పడితే, 1125ను 15తో భాగిస్తే 75 వాట్లు. మామూలు పాత సీలింగు ఫ్యాను ఇంచుమించు అంతే తీసుకుంటుంది. తక్కువ కరెంటుతో తిరిగేలా ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ రకం ఫ్యాను 28 వాట్లదైతే దాదాపు 40 సెకన్లు ఆగాలి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే సెకను దాటీ దాటగానే మళ్లీ వెలుగుతుంది. మీటరును ముట్టుకునే పనే లేదు. ముట్టుకోకూడదని ముందే గట్టిగా చెప్పాలి. దూరంగా నిలబడి చూస్తే చాలు.

దీన్ని ఇంటిపనిగా ఇచ్చిన మర్నాడు తరగతి ఎలా ఉంటుందో చూడాలి. “అన్నీ ఆపేశాం టీచర్, అయినా లైటు వెలుగుతూనే ఉంది” అంటుంది ఒకమ్మాయి. ఫ్రిజ్ సంగతి, స్టాండ్‌బైలో ఉన్న సెట్‌టాప్ బాక్స్ సంగతి అప్పుడు బయటపడతాయి. రెగ్యులేటరు తగ్గిస్తే కరెంటు తగ్గుతుందా అని ఇంకొకరు అడుగుతారు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను, మీటరునే అడగమంటాను. పెద్ద పెట్టెలా ఉండే పాత రెగ్యులేటరు ఉన్న ఇంట్లో ఫ్యాను నెమ్మదించినా ఆదా అంతంత మాత్రమే. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఉన్న ఇంట్లో తేడా బాగా కనిపిస్తుంది. ఎందుకలా అని వాదించుకుంటుంటే నిరోధం, వేడిగా పోయే శక్తి వాటంతటవే చర్చలోకి వస్తాయి. ఆ రోజు నోట్సు చెప్పి రాయించాల్సిన అవసరం ఉండదు.

ఇక ఫోను. ప్రతి స్మార్టు ఫోనులోనూ మైకు, కెమెరా, త్వరణాన్ని కొలిచే సెన్సరు ఉంటాయి. చాలావాటిలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది కూడా ఉంటుంది. ఒకప్పుడు కాలేజీ ల్యాబుల్లో కూడా అరుదైన పరికరాలివి. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ విడుదల చేశారు. ఫోనులోని సెన్సర్లతో ప్రయోగాలు చేయించడమే దాని పని. అందులో చప్పుడుకు మొదలై, ఇంకో చప్పుడుకు ఆగే స్టాప్‌వాచ్ ఉంది. దానితో బడి వరండాలోనే ధ్వని వేగం కొలవవచ్చు.

పది మీటర్ల దూరంలో రెండు ఫోన్లు పెట్టండి. మొదటి ఫోను దగ్గర ఒక పిల్లవాడు చప్పట్లు కొడతాడు. ఆ ఫోను వెంటనే, రెండోది కాస్త ఆలస్యంగా లెక్క మొదలుపెడతాయి. తర్వాత రెండో ఫోను దగ్గర ఇంకొకరు కొడతారు. ఈసారి రెండోది ముందు, మొదటిది తర్వాత ఆగుతాయి. రెండు ఫోన్లు చూపించిన కాలాల మధ్య తేడా, ధ్వని 20 మీటర్లు వెళ్లడానికి పట్టిన సమయం. అది 0.06 సెకనుకు కొంచెం తక్కువగా వస్తుంది. 20ని ఆ సమయంతో భాగిస్తే ధ్వని వేగం. పుస్తకంలో అది 25 డిగ్రీల దగ్గర సెకనుకు 346 మీటర్లని ఉంటే పిల్లలకు 352 వచ్చిందనుకోండి, “తప్పొచ్చింది టీచర్” అంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట అదే. మన మార్చి నెల వరండాలో 25 డిగ్రీలు ఎక్కడుంటాయి? గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర 352 సరైనదే. లేదా టేపు వదులుగా పట్టుకున్నారేమో, అదీ చూడాలి. మళ్లీ కొలుద్దామని వాళ్లే అంటారు. ఏ తెర ముందు కూర్చోబెట్టినా ఆ మాట వాళ్ల నోటి నుంచి రాదు.

ఇలాంటివి వెతికితే ఇంటినిండా ఉన్నాయి. టీవీ రిమోటును ఫోను సెల్ఫీ కెమెరాకు చూపించి బటన్ నొక్కితే, కంటికి కనిపించని పరారుణ కాంతి చాలా ఫోన్లలో మెరుస్తూ కనిపిస్తుంది. ఇండక్షన్ స్టవ్ మీద అల్యూమినియం గిన్నె ఎందుకు వేడెక్కదన్న ప్రశ్నలో విద్యుదయస్కాంత ప్రేరణ మొత్తం ఉంది. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందని 1820లో అయిర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త దిక్సూచి ముల్లుతో గమనించిన విషయాన్ని, బ్యాటరీకి కలిపిన తీగ పక్కన ఫోను పెట్టి అంకెల్లో చూడవచ్చు.

ఫోన్లు ఇస్తే పిల్లలు చెడిపోతారని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. అందుకే పిల్లల చేతికి ఫోను ఇవ్వమని అనడం లేదు. తరగతికి టీచర్ల ఫోన్లు రెండు చాలు. హాజరు యాప్ కోసం, మధ్యాహ్న భోజనం వివరాల కోసం మా ఫోన్లు రోజూ బడిలో పనిచేస్తూనే ఉన్నాయి. అప్పుడు లేని అభ్యంతరం ధ్వని వేగం కొలిచేటప్పుడు ఎందుకు?

నా అసలు కోపం ఇంకోచోట ఉంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని ఫీజు వసూలు చేసే బడుల్లో ల్యాబు గది తాళం ఎప్పుడు తీస్తారో అడగండి. ఇంటర్‌లో ఫిజిక్సు ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. చిన్న చిన్న పొడవులు కొలిచే వెర్నియర్ కాలిపర్స్ సరిగా పట్టుకోవడం రాకుండానే 30కి 30 తెచ్చుకున్నవాళ్లు నా పాత విద్యార్థుల్లోనే ఉన్నారు. మా హైస్కూళ్లలో కూడా ఫార్మేటివ్ పరీక్షల ప్రాజెక్టు పని చాలాచోట్ల ఇంటర్నెట్ సెంటరులో ప్రింటు తీయించిన కాగితాలే. పరీక్ష అడగనిదాన్ని బడి నేర్పదు.

ఈ సంగతి పట్టించుకున్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో ప్రయోగాలతో సైన్సు నేర్పడం మొదలుపెట్టారు. అది దాదాపు వెయ్యి బడులకు పాకింది. అక్కడ పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చారు, ప్రయోగం చేసి చూపించమన్నారు. అంత పనిని 2002లో ప్రభుత్వమే ఆపేసింది. మన దగ్గర కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ వ్యాన్లలో పరికరాలు పెట్టి ఊళ్లకు తీసుకెళుతోంది, జన విజ్ఞాన వేదిక పిల్లల కోసం చెకుముకి సైన్సు సంబరాలు నడుపుతోంది. వాళ్లంటే నాకు గౌరవం. కానీ వ్యాను వెళ్లిపోయిన మర్నాడు తరగతిలో మళ్లీ గైడే తెరుచుకుంటోంది.

కాబట్టి పదో తరగతి ప్రశ్నపత్రంలో ప్రతి ఏటా ఒక ప్రశ్నయినా పిల్లలు తమ చేత్తో కొలిచిన దాని మీద ఉండాలి. స్క్రీన్లు కొనేటప్పుడే, ప్రయోగాలు చేయించడంలో టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి కూడా డబ్బు కేటాయించాలి. పేరెంట్స్ మీటింగుకు వెళ్లే తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. ర్యాంకు అడగండి, తప్పులేదు. దానితో పాటు ఈ నెలలో మా పాప తన చేత్తో ఏం కొలిచింది అని కూడా అడగండి. ఆ రీడింగులు రాసిన కాగితం చూపించమనండి.