కదలకుండా నిలబడితే బొమ్మ ఎలా వేశాడు?

పాతకాలపు చిత్రకారులు తమ స్టూడియోల్లో దిగిన ఫొటోలను పేర్చి, కింద వ్యాఖ్య రాసిన పోస్టు ఒకటి చక్కర్లు కొడుతోంది. చిత్రకారులు పనిలో మునిగి ఉండగా తీసిన సహజమైన ఫొటోలట ఇవి. నిమిషాల తరబడి కదలకూడదు కనుక మొహాలు బిగుసుకున్నాయట. ఆ రోజుల్లో అందరూ కోటు వేసుకునే బొమ్మలు వేసేవారట. ఈజిల్ (బొమ్మను నిలబెట్టే చట్రం) మీద ఉన్నది అప్పుడు వేస్తున్న బొమ్మేనట.

మొదటి రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి. కదలకుండా నిలబడిన మనిషి అదే సమయంలో కుంచె ఎలా ఆడించాడు? పైగా నిమిషాల లెక్క 1839 నాటి తొలి డాగెరోటైపులది, అంటే వెండి పూత రేకు మీద తీసిన తొలినాటి ఫొటోలది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతిని (గాజు పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీయడం) ప్రకటించాక అది సెకన్లకు దిగింది. 1880లలో ముందే రసాయనం పూసి ఆరబెట్టిన పొడి ప్లేట్లు వాడుకలోకి వచ్చాక ఆరుబయట సెకనులో చిన్న భాగం చాలింది. గది లోపలి వెలుతురుకు ఇంకాస్త సమయం కావాలి. అంతసేపూ కుంచెను కాన్వాసుకు ఆనించి ఆగారు, అంతే.

కోటు సంగతి. ఎడ్మండ్ బెనార్ 19వ శతాబ్దం చివర్లో పారిస్ చిత్రకారులను వరసగా ఫొటోలు తీశాడు. వాటిలో తివాచీలు, అలంకరణ సామగ్రి చూడండి. కోటుతో సహా అదంతా బొమ్మలు కొనేవారికి చూపించుకునే ముస్తాబు. తర్వాతి కాలపు చిత్రకారుడు మాగ్రిట్ నిజంగానే సూటులో బొమ్మలు వేసేవాడు; ఆ ఒక్కడి అలవాటును అందరికీ అంటగట్టలేం.

ఈజిల్ విషయంలో నాకు బాగా నచ్చిన సాక్ష్యం 1944 నాటిది. చిత్రకారుడు పికాసో పారిస్ స్టూడియోలో ఫొటోగ్రాఫర్ బ్రస్సాయ్ తీసిన ఫొటో. పికాసో చేతిలో రంగులు కలిపే పాలెట్, ఎదురుగా పెద్ద నగ్నచిత్రం, నేల మీద మోడల్‌లా పడుకున్న నటుడు జాన్ మారే. ఆ నగ్నచిత్రం పికాసో వేసింది కాదు! జనం ఊహించుకునే ‘చిత్రకారుడి’ని ఆయన సరదాగా నటించి చూపించాడు. ఈ సంగతి తెలియనివారు దాన్నీ ‘పనిలో పికాసో’ అని పంచుకోగలరు.

పని చేస్తుండగా తీసినవి అసలు లేవని కాదు. 1950లో హాన్స్ నముత్ తీసిన ఫొటోల్లో చిత్రకారుడు జాక్సన్ పొలాక్ నిజంగానే రంగు చిలకరిస్తున్నాడు. అయితే అదే ఏడాది తీసిన సినిమా కోసం గాజు పలక కింద కెమెరా పెట్టి, దాని మీద రంగు చల్లించారు. దాన్ని సహజం అనగలమా?

ఒక బొమ్మ ఎలా తయారైందో చూడాలనుకుంటే 1937లో పికాసో బొమ్మ ‘గెర్నికా’ రూపుదిద్దుకుంటుండగా డోరా మార్ దశలవారీగా తీసిన ఫొటోలు ఉన్నాయి. గీతలు మారడం, ఆకారాలు చోటు మార్చుకోవడం అన్నీ కనిపిస్తాయి. వాటిలో చాలావాటిలో పికాసో లేడు.