ఇరానీ చాయ్‌ రుచి మత్తుమందుది కాదు, సన్నసెగది

“హైదరాబాద్ ఇరానీ చాయ్‌లో గసగసాల కాయ తొక్క వేసి మరిగిస్తారు. అందుకే ఒకసారి అలవాటైతే వదలదు. తాగని రోజు తల పగిలిపోతుంది. ఆ ఎర్రటి రంగు, ఆ చిక్కదనం ఉత్త టీపొడితో రానే రావు.” ఈ మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. ప్రతి హోటల్ వంటగదికీ ఎవరూ పూచీ పడలేరు. కానీ ఇందులో రుజువులుగా చూపించినవేవీ రుజువులు కావు.

ముందు తలనొప్పి సంగతి. ఒక చిన్న కప్పు టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. మెదడులో పొద్దంతా పేరుకుంటూ నిద్ర తెప్పించే అడినోసిన్ కూర్చోవాల్సిన చోట కెఫీన్ వెళ్ళి కూర్చుంటుంది. అందుకే చాయ్ తాగితే హుషారు. రోజూ మూడు నాలుగు కప్పులు తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే అడినోసిన్ అడ్డులేకుండా పనిచేస్తుంది, తలలో రక్తనాళాలు వెడల్పవుతాయి, నొప్పి మొదలవుతుంది. సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో వస్తుంది, రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. ఇంట్లో టీ మానినా ఇంతే, ఫిల్టర్ కాఫీ మానినా ఇంతే. గసగసాల కాయ నుంచి వచ్చే నల్లమందు మానినప్పుడు ముక్కు, కళ్ళు కారతాయి, ఒళ్ళంతా నొప్పులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ బాధే వేరు. చాయ్ తగ్గించాలనుకునేవాళ్ళు నాలుగు రోజులకొక కప్పు చొప్పున తగ్గిస్తే తలనొప్పి దాదాపు రాదు.

ఇక రంగు, చిక్కదనం. ఈ మెసేజ్‌ను నమ్మేది ఎక్కువగా ఇంట్లో ప్రయత్నించి కుదరనివాళ్ళే. నీళ్ళు, పాలు, పొడి, పంచదార ఒకే గిన్నెలో పోసి పెద్దమంట మీద పొంగించడం మన ఇళ్ళలో అలవాటు. ఇరానీ చాయ్‌కి రెండు పొయ్యిలు కావాలి.

ఆరు చిన్న కప్పులకు 400 మిల్లీలీటర్ల నీళ్ళు, 12 గ్రాముల డస్ట్ టీపొడి, మూడు చెంచాల పంచదార. మందపాటి గిన్నెలో పోసి, మూత అంచు చుట్టూ తడిపిన పిండి ముద్ద అంటించి, అతి సన్నటి సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు దమ్ పెట్టాలి. ఆవిరి పోదు, వాసన లోపలే నిలుస్తుంది. గిన్నె లోపల కుతకుతలాడిందంటే మంట ఎక్కువైనట్టే, డికాషన్ చేదెక్కుతుంది. రెండో పొయ్యి మీద అరలీటరు చిక్కటి గేదెపాలు 350 మిల్లీలీటర్లయ్యే దాకా కాగాలి. మీగడ తేలినప్పుడల్లా గరిటెతో పాలలోనే కలిపేయాలి, తీసి పక్కన పెట్టకూడదు. చిక్కదనమంతా అక్కడే ఉంది. కప్పులో ముందు వడగట్టిన డికాషన్ సగం, పైన పాలు సగం.

ఆ డికాషన్ విడిగా ఒక గుక్క తాగి చూడండి, నాలుక పొడిబారి పీక్కుపోతుంది. అది టానిన్ల వగరు. పాలు కలిపాక పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ టానిన్లను పట్టేసుకుంటుంది, వగరు తగ్గి కమ్మదనం మిగులుతుంది. టీపొడిలో ఉన్న ఎరుపు, గోధుమ వర్ణకాలే తెల్లటి పాలతో కలిసి ఇటుక రంగు తేలుతాయి. ఇందులో అల్లం వేయరు. పచ్చి అల్లంలోని ఎంజైము పాలను విరగ్గొట్టగలదు.

గసగసాలకూ కాయ తొక్కకూ తేడా తెలియకుండా రాసిన మాట మరొకటి: “వంటింట్లో ఉండేదే కదా, సులువుగా దొరుకుతుంది.” మసాలాలో నూరే గింజలు వేరు. కాయ తొక్కను లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. సన్నసెగ, చిక్కటి పాలతో వచ్చే రుచి కోసం జైలుకెళ్ళే పని ఎవరు పెట్టుకుంటారు?

టీలో కల్తీ అసలే లేదనడం లేదు. వాడేసిన పొడిని ఎండబెట్టి, రంగు వేసి అమ్మేవాళ్ళు ఉన్నారు, భయపడాల్సింది దానికి. తెల్లటి ఫిల్టర్ కాగితం మీద చిటికెడు పొడి పరిచి నీళ్ళు చిలకరించండి. తర్వాత పొడిని కుళాయి కింద కడిగేసి కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. మంచి పొడైతే మరక పెద్దగా కనబడదు. రంగు కలిపినదైతే తడి తగిలిన వెంటనే కాగితం మీద మరకలు తేలతాయి.