నూరో ఎక్కం

మన బళ్లలో ఇరవయ్యో ఎక్కం దగ్గరే చదువు ఆపేయడం ఘోర తప్పిదమని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం. పిల్లల్ని ఎలాగూ విమానం ఎక్కించేదే కదా, నూరో ఎక్కం కూడా వల్లె వేయించి పంపాల్సింది. జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న ఏ తెలుగు కుర్రాడినైనా అడగండి. యూరో అంటే వంద రూపాయలు. కాబట్టి కాఫీ మూడొందలు, కటింగ్ రెండు వేలు. నా జుట్టు బాధ్యత ఆరు నెలలుగా రూమ్మేటే చూస్తున్నాడు. వాడు చదివేది మెకానికల్. తల చూస్తే తెలుస్తుంది.

నేను నిరుపేదనని మాత్రం అనుకోకండి. ఇక్కడి వీసాకి బ్లాక్డ్ అకౌంట్ అని ఒకటి తెరవాలి. ఏడాదికి 11,904 యూరోలు ముందే అందులో పోస్తే, నెలకి 992 చొప్పున మనకే తిరిగి ఇస్తారు. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బే అయినా, ఖాతాలో పడిన రోజు జీతం పడ్డంత గర్వంగా ఉంటుంది. ఎక్కం ప్రకారం ఆ పూట నేను ఇంచుమించు లక్షాధికారిని. అద్దె, ఇన్సూరెన్స్ కట్టాక మళ్లీ విద్యార్థిని.

ఇలాంటివాడికి పారిస్ ఎందుకని మీరు అడగొచ్చు. జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంటే ఫ్రాన్స్‌కి వేరే వీసా అక్కర్లేదు. ఊరికే వచ్చిన హక్కుని వాడకుండా వదిలేయడమనే దుబారా మా ఇంటావంటా లేదు. జర్మనీ సరిహద్దులోని ఆఖెన్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి పారిస్. ఆ రాత్రికి హోటల్ ఖర్చు మిగులు. మెడ పట్టేస్తుంది, నిజమే. మెడనొప్పిని యూరోల్లో కొలిచే పద్ధతి ఇంకా రాలేదు కనక దాన్నీ లాభంలోనే వేసుకున్నాను. సంచిలో స్టీలు డబ్బా నిండా చింతపండు పులిహోర. ఇంకా, ఒక ఖాళీ సోడా నీళ్ల బాటిల్, ముదురాకుపచ్చది.

ఈ బాటిల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. జర్మనీలో ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ కొంటే 25 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు. ఖాళీది తెచ్చి సూపర్‌మార్కెట్ మెషీన్ నోట్లో పెడితే, అది గిర్రున తిప్పి చూసుకుని, కరకరా నమిలి, ఆ డబ్బులకి చీటీ ఇస్తుంది. పాతిక సెంట్లంటే పాతిక రూపాయలు. ఫ్రాన్స్‌లో ఈ మర్యాద లేదు. అందుకని నా బాటిల్ నలక్కుండా, లేబుల్ చిరక్కుండా పారిస్ చూసి క్షేమంగా తిరిగి రావాలి. బస్సులో కిటికీ వైపు దానికే ఇచ్చాను.

పారిస్‌లో దాన్ని నింపడం సమస్యే కాలేదు. 1870-71లో జర్మన్ సైన్యాలు ఆ ఊరిని ముట్టడించాక అక్కడ మంచినీళ్లకి కటకటగా ఉంటే, రిచర్డ్ వాలెస్ అనే ఇంగ్లీషు ధనవంతుడు 1872లో సొంత డబ్బుతో వీధి కుళాయిలు పెట్టించాడు. మన చలివేంద్రమే, పోత ఇనుముతో. పచ్చ రంగు, పైన చిన్న గుమ్మటం, దాన్ని మోస్తూ నలుగురు స్త్రీమూర్తులు, వాళ్ల మధ్యలోంచి సన్నటి ధార. దయ, దాతృత్వం, నిరాడంబరత, మితం అనే నాలుగు గుణాలకి రూపాలట. నేను దాతృత్వం ముందు నిలబడి బాటిల్ పట్టానో, నిరాడంబరత ముందో తెలీదు గానీ, ఒకావిడ నా జుట్టు వంక జాలిగా చూసినట్టే అనిపించింది.

లూవ్ర్ మ్యూజియం టికెట్ మాలా యూరప్‌లో ఉండేవాళ్లకి 22 యూరోలు. యూరప్‌లో నివాసముంటూ 26 ఏళ్లు నిండనివాళ్లకి ఉచితం. నాకు ఇంకో ఏడు నెలల వయసు మిగిలి ఉంది, అది ఇంత ఖరీదైనదని అప్పటిదాకా తెలీదు. మోనాలిసా ముందు తిరునాళ్ల జనం, అందరి ఫోన్లూ గాల్లోనే. ఆవిడ నవ్వు నాకు సరిపోయింది. రెండువేల రెండొందలు పెట్టి లోపలికొస్తే మాత్రం, ఇంకాస్త నవ్వొచ్చు కదా అనేవాణ్ని.

సాయంత్రం ఐఫిల్ టవర్‌కి ఎదురుగా ఉండే ట్రొకడెరోలో నిలబడి, టవర్ ఎక్కకుండానే దాన్ని వెనక పెట్టుకుని ఫోటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. తప్పు అక్కడ జరిగింది. నూరో ఎక్కం ఇంటి దగ్గరవాళ్లకీ వచ్చు, కాకపోతే నేను ఖర్చుల్ని హెచ్చవేస్తే వాళ్లు ఫోటోల్ని హెచ్చవేస్తారు. మర్నాడు మామయ్య ఫోన్. "ఏం అల్లుడూ, పారిస్ అంటే మాటలా! ఎంత మిగుల్తోందేంటి నెలకి?" పులిహోర సంగతి చెబితే, "ఉన్నోడివి కాబట్టే ఇలా దాస్తావు" అన్నాడు.

తర్వాత అమ్మ ఫోను లాక్కుంది. ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూసినట్టుంది.

"చేతిలో ఆ సీసా ఏంట్రా?"

"నీళ్లమ్మా."

"పచ్చ సీసాలో నీళ్లెవరు పోస్తార్రా?"

చూపిద్దామంటే, బస్సు దిగిన గంటలోనే దాన్ని మెషీన్ నమిలేసింది. మిగిలింది 25 సెంట్ల చీటీ. సాక్ష్యంగా దాని ఫోటో పంపాను. అంతా జర్మన్‌లో ఉంది కాబట్టి ఇంట్లో ఎవరికీ ముక్క అర్థం కాలేదు. మామయ్య ఒక్కడే కళ్లజోడు పెట్టుకుని పరీక్షగా చూసి, అది బారు బిల్లేనని తేల్చాడట.