ఏడాదికి ఒక గినీ, మూడు సంపుటాల నీతి

లండన్ న్యూ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో వెలసి, చందాదారులకు పుస్తకాలు అద్దెకిచ్చిన మ్యూడీ సెలెక్ట్ లైబ్రరీ వారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు 1937లోనే మూతపడ్డారని తెలిసీ రాస్తున్నాను. బతికున్న రోజుల్లో తమరికి ఉత్తరాలంటే మహా గౌరవమని విన్నాను. 1883లో జార్జ్ మూర్ అనే కుర్ర రచయిత, తన మొదటి నవలను ఎందుకు పక్కన పెట్టేశారని అడగడానికి వచ్చాడు. పల్లెటూళ్ల నుంచి ఇద్దరు ఆడవాళ్లు అది బాగాలేదని ఉత్తరాలు రాశారని తమరు సెలవిచ్చారట. రెండు ఉత్తరాలకే నవల మాయమైంది. కాబట్టి నా ఉత్తరానికీ ఎంతో కొంత విలువ ఉండకపోదని ఆశ.

ముందు లెక్కలు చూద్దాం. తమరి కాలంలో నవల అంటే మూడు సంపుటాలు, వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు. తమరి చందా ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు. ఒక్క నవల కొనే డబ్బుతో ఏడాదిన్నర పాటు అద్దె పుస్తకాలు చదువుకోవచ్చు. ఇక కొనేదెవరు? తమరే. వందల కాపీలు, అదీ బేరమాడి తగ్గించిన ధరకు. ఆ గినీ కట్టిన చందాదారుకి ఒకసారికి ఒక్క సంపుటమే చేతికిస్తారు. అలా ఒకే కాపీ ఒకే వారంలో మూడిళ్లు తిరిగొస్తుంది. వ్యాపారం తెలిసినవాళ్లు, దణ్ణం పెట్టాలి.

తమరు కొనకపోతే నవల అచ్చయినా అచ్చుకానట్టే. అందుకని ప్రచురణకర్త తమరి మొహం చూసేవాడు, రచయిత ప్రచురణకర్త మొహం చూసేవాడు. తమరేమో ఇంట్లో పెళ్లికాని ఆడపిల్ల మొహం చూసేవారు. ఆ పిల్ల బుగ్గలు ఎర్రబడకూడదు. దేశమంతటికీ నవల ఎలా ఉండాలో ఆ బుగ్గలే తేల్చేవి. పిల్లని ఎవరైనా అడిగారా అంటే, అబ్బే. 1857లో ట్రాలోప్ తన నవలలో ‘లావుపాటి పొట్ట’ అని రాస్తే ప్రచురణకర్తలు దాన్ని ‘విశాలమైన ఛాతీ’ చేయించారు. ఒక మతగురువుల ఊరి కథలో పొట్ట వల్ల ఎవరి శీలం చెడుతుందో నాకైతే ఊహకందలేదు.

పొట్టకే ఇంత గొడవైతే ఇల్లు వదిలి వెళ్లిన ఆడదానికి ఎలాంటి శాస్తి జరగాలి? 1861 నాటి ‘ఈస్ట్ లిన్’ చూడండి, ఇంటింటా కన్నీరు పెట్టించిన నవల. ఇసబెల్ మొగుణ్ణీ పిల్లల్నీ వదిలి లెవిసన్ అనేవాడితో వెళ్లిపోతుంది. వాడు ఆమెను పెళ్లి చేసుకోడు. చాలలేదు. రైలు ప్రమాదంలో పసిబిడ్డ పోతాడు. అదీ చాలలేదు. ఎవరూ గుర్తుపట్టలేనంతగా ఆమె మొహం పాడైపోతుంది. అప్పుడైనా వదిలారా? రంగు కళ్లద్దాలు పెట్టుకుని, మారుపేరుతో, కన్నపిల్లలకే పాఠాలు చెప్పే గవర్నెస్‌గా ఆ ఇంటికే తిరిగి రావాలి. మాజీ భర్త కొత్త భార్యతో ముచ్చటగా ఉంటే రోజూ చూడాలి. కొడుకు కళ్లముందే పోతుంటే ‘నేనే మీ అమ్మనిరా’ అనకూడదు. ఆ తర్వాతే ఆమెకు చావు మంజూరైంది. లెవిసన్‌కీ శిక్ష పడింది లెండి, కాకపోతే ఏదో పాత హత్యకేసులో. పరాయివాడి పెళ్లాన్ని లేపుకుపోయినందుకు కాదు. అప్పటి చట్టమూ ఆ తీరుదే: 1857 నాటి విడాకుల చట్టం ప్రకారం భార్య తప్పు చేస్తే భర్తకు ఆ ఒక్క కారణం చాలు. భర్త తప్పు చేస్తే భార్య దానికి తోడు హింసో, వదిలేసి పోవడమో కూడా రుజువు చేయాలి.

ఇంత ఏడుపు ఒక్క సంపుటంలో పడుతుందా? నాకెందుకో ఇసబెల్‌ని అంతకాలం బతికించింది తమరి మూడో సంపుటమే అనిపిస్తుంది.

రాసేవాళ్ల సంగతి తమరు పట్టించుకోలేదు, మంచిదే. 1862లో మేరీ ఎలిజబెత్ బ్రాడన్ తన నవలలో, మొగుడుండగానే ఇంకొకణ్ణి పెళ్లాడిన లేడీ ఆడ్లీని బెల్జియం పిచ్చాసుపత్రిలో పెట్టించింది. ఆ రాసిన బ్రాడన్ కాపురం చేస్తున్నది ప్రచురణకర్త మాక్స్‌వెల్‌తో. ఆయన అసలు భార్యేమో అప్పటికే పిచ్చాసుపత్రిలో ఉంది. 1874లో ఆమె పోయాకే వీళ్ల పెళ్లి. చివరి పేజీల్లో శ్రీరంగనీతులు సరిగ్గా కుదిరితే చాలు, చందాదారులు హాయిగా నిద్రపోయేవారు.

తమరి దాయాదులు, అంటే కుటుంబ పత్రికలవాళ్లు, ఇంకో ఆకు ఎక్కువే చదివారు. 1891లో హార్డీ ‘టెస్’ సీరియల్‌గా వస్తున్నప్పుడు, నీళ్లు నిలిచిన దారిలో కథానాయకుడు పాలేరు అమ్మాయిల్ని చేతుల్తో ఎత్తుకుని దాటిస్తాడు. సంపాదకుడికి అది నచ్చలేదు. అమ్మాయిల్ని తోపుడుబండిలో ఎక్కించి దాటించారు. అదే కథలో హత్య ఉంది, ఉరి ఉంది. వాటికి బండి అవసరం రాలేదు.

మా దాకా రాలేదనుకుంటున్నారేమో. కవయిత్రి ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన ‘రాధికా సాంత్వనము’ చదివి మా వీరేశలింగం పంతులుగారే ఛీకొట్టారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పూర్తిగా అచ్చేయిస్తే, అశ్లీలమని తమరి దొరలు నిషేధించారు. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చాక గానీ ఆ నిషేధం పోలేదు.

చివరికి 1894లో, తమలాగే పుస్తకాలు అద్దెకిచ్చే స్మిత్ కంపెనీతో కలిసి తమరే ప్రకటించారు: ఇకపై సంపుటానికి 4 షిల్లింగులకు మించి ఇవ్వం, చవక ముద్రణ ఏడాది ఆగాకే రావాలి. మూడు సంపుటాల నవల ఆ దెబ్బకు మూడు నాలుగేళ్లలో అంతరించింది. ఆ ప్రకటన వెనక ఆడపిల్ల బుగ్గల ఊసే లేదు. కాపీలు పేరుకుపోయి తమరికి గిట్టుబాటు కాలేదు, అంతే. ఆ నిర్ణయమేదో 33 ఏళ్లు ముందే తీసుకుని ఉంటే, రైలు ప్రమాదం దగ్గరే ఇసబెల్‌ని పోనిచ్చేవారు కదా.

ఇట్లు,
చందా బాకీ లేని పాఠకుడు