అడుగోటి కుండ, కొత్త కుండ: యుద్ధంపైనా ఉగ్రవాదంపైనా మన వాదనలకు రెండు తూకాలు

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని టీవీ వార్తా కథనాలు చూపించారు. అవి 1982 సెప్టెంబరులో బీరూట్‌లో జరిగిన మారణకాండపై అమెరికన్ చానెళ్లు ప్రసారం చేసిన కథనాలు. చూసినవారిలో ఇజ్రాయెల్ పక్షం వహించేవారు, అరబ్బుల పక్షం వహించేవారు, ఎటూ మొగ్గనివారు ఉన్నారు. అందరికీ చూపించింది ఒకే కథనాలు. అవి ఇజ్రాయెల్‌పై బురద చల్లాయని ఇజ్రాయెల్ సమర్థకులు అన్నారు, ఇజ్రాయెల్‌ను వెనకేసుకొచ్చాయని అరబ్ సమర్థకులు అన్నారు. ఇజ్రాయెల్ ప్రస్తావనల్లో ఎన్ని అనుకూలం, ఎన్ని ప్రతికూలం అని అంచనా అడిగితే, అరబ్ సమర్థకుల లెక్కలో 42 శాతం అనుకూలం, 26 శాతం ప్రతికూలం అని తేలింది. ఇజ్రాయెల్ సమర్థకుల లెక్కలో 16 శాతమే అనుకూలం, 57 శాతం ప్రతికూలం. రాబర్ట్ వలోన్, లీ రాస్, మార్క్ లెపర్ 1985లో ప్రచురించిన ఈ అధ్యయనంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన అంశం మరొకటి ఉంది. ఆ వివాదం గురించి ఎక్కువ తెలిసినవారికే పక్షపాతం ఎక్కువగా కనిపించింది. చదువు, సమాచారం పెరిగితే మనుషులు నిష్పాక్షికంగా ఆలోచిస్తారని మనం సులువుగా అనుకునే మాటకు ఇది పూర్తిగా ఎదురు నడిచే ఫలితం.

అసలు ఆ విద్యార్థులు చూసిన ఘటన ఏమిటో గుర్తు చేసుకోవడం అవసరం. 1982 సెప్టెంబరు 14న లెబనాన్ అధ్యక్షుడిగా ఎన్నికైన బషీర్ జెమాయెల్ బాంబు దాడిలో చనిపోయాడు. ఆయన మారొనైట్ శాఖ క్రైస్తవుడు, ఫలాంజిస్టు మిలీషియాకు (ఆ పేరుగల క్రైస్తవ పార్టీ సాయుధ దళానికి) నాయకుడు. రెండు రోజుల తరువాత, లెబనాన్‌లోకి చొచ్చుకొచ్చిన ఇజ్రాయెల్ సైన్యం చుట్టుముట్టి ఉన్న బీరూట్‌లోని సబ్రా, షటీలా ప్రాంతాల్లోకి ఆ మిలీషియా ప్రవేశించి పాలస్తీనా శరణార్థులను, వారి మధ్య బతుకుతున్న పేద లెబనాన్ పౌరులను చంపింది. మృతుల సంఖ్యపై ఏడెనిమిది వందల నుంచి మూడు వేలకు పైగా రకరకాల అంచనాలు ఉన్నాయి. రాత్రివేళ ఇజ్రాయెల్ సైన్యం ఆకాశంలోకి వదిలిన వెలుగుల్లో ఈ పని సాగింది. జెమాయెల్ హత్యకు ప్రతీకారంగానే ఇదంతా చేశామని చంపినవారు చెప్పుకున్నారు. కానీ ఆ బాంబు పెట్టినవాడు పాలస్తీనీయుడు కాడు, ముస్లిమూ కాడు. సిరియా అనుకూల పార్టీకి చెందిన అతడూ మారొనైట్ క్రైస్తవుడే. 1976లో దమూర్ అనే క్రైస్తవ పట్టణంలో పాలస్తీనా సాయుధులు జరిపిన హత్యలను ఫలాంజిస్టులు గుర్తు చేసేవారు, దమూర్‌కు ముందు కొద్ది రోజుల కిందటే కరంటీనాలో క్రైస్తవ మిలీషియాలు జరిపిన హత్యలను ఎదుటివారు గుర్తు చేసేవారు. కథను ఏ తేదీ నుంచి మొదలుపెట్టాలో తేల్చుకున్న మరుక్షణమే ఎవరు బాధితుడో, ఎవరు నేరస్తుడో కూడా తేలిపోతుంది. యుద్ధాల గురించిన వాదనల్లో అసలు పోరాటం చాలావరకు ఆ మొదటి తేదీ కోసమే జరుగుతుంది.

అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అని మన ఇళ్లలో సామెత. రెండూ కుండలే, రెండూ పగిలాయి. ఎవరి చేతిలో పగిలిందో తెలిశాకే దాని విలువ నిర్ణయమవుతుంది. వాదనల్లోని పక్షపాతాన్ని అబద్ధాలతో, తప్పుడు వీడియోలతో, డబ్బు తీసుకుని రాసే రాతలతో మాత్రమే ముడిపెట్టి చూడటం వల్ల మనం అసలు సంగతిని వదిలేస్తున్నామని నా అభిప్రాయం. ఒక్క అబద్ధమైనా చెప్పకుండా, నిజాలే మాట్లాడుతూ, పూర్తిగా అన్యాయంగా వాదించవచ్చు. నచ్చిన వార్తకు ఒక్క సాక్షి చాలు అనుకుంటాం. నచ్చని వార్తకు వందమంది సాక్షులు వచ్చినా నూట ఒకటో సాక్షి ఏడి అని అడుగుతాం. రుజువు అడగడం తప్పు కాదు కదా అని అప్పుడు మనకు మనమే సర్దిచెప్పుకుంటాం కూడా.

దీన్ని అంకెల్లో చూపిన ఉదాహరణలు అమెరికాలో దొరుకుతాయి. సిరియా పాలకుడు అసద్ 2013లో రసాయన ఆయుధాలు ప్రయోగించాడన్న ఆరోపణపై సైనిక దాడికి డెమొక్రాట్ అధ్యక్షుడు ఒబామా సిద్ధపడినప్పుడు, వాషింగ్టన్ పోస్ట్, ఏబీసీ న్యూస్ సర్వేలో రిపబ్లికన్ మద్దతుదారుల్లో 22 శాతం మాత్రమే దాన్ని సమర్థించారు. 2017లో అదే అసద్‌పై, అదే తరహా ఆరోపణతో రిపబ్లికన్ అధ్యక్షుడు ట్రంప్ క్షిపణులు ప్రయోగించినప్పుడు 86 శాతం సమర్థించారు. డెమొక్రాట్లలో ఈ రెండు సందర్భాల మధ్య మార్పు దాదాపు లేదు. అలాగని ఈ జబ్బు రిపబ్లికన్లదే అనుకోనక్కర్లేదు. ఉగ్రవాదాన్ని అరికట్టే పేరుతో ప్రభుత్వం పౌరుల ఫోన్లపై నిఘా పెట్టడం ఆమోదయోగ్యమేనని రిపబ్లికన్ బుష్ పాలనలో, 2006లో, డెమొక్రాట్లలో 37 శాతం చెప్పారు. ఒబామా పాలనలో, 2013లో, ఆ సంఖ్య 64 శాతానికి పెరిగింది. రిపబ్లికన్లలో 75 నుంచి 52కు పడిపోయింది. నిఘా అవసరమా, యుద్ధం న్యాయమా అని అడిగిన ప్రశ్నకు చాలామంది చెప్పిన జవాబు, కుర్చీలో ఎవరున్నారు అన్న ప్రశ్నకు సరిపోయేది.

దూరపు దేశాల సంగతి ఇలా చెప్పుకోవడం సులువు. హైదరాబాద్ దగ్గరికి వస్తే గొంతు తడబడుతుంది.

2007 మే 18, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో 9 మంది, ఆ తరువాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. మూడు నెలలు గడిచాక, ఆగస్టు 25న, లుంబినీ పార్కులోను, కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర ఒకేరోజు పేలుళ్లు జరిగి నలభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మక్కా మసీదు పేలుడు తరువాత పోలీసులు పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుని కుట్ర కేసులు పెట్టారు. కస్టడీలో చిత్రహింసలు పెట్టారన్న ఫిర్యాదులు వచ్చాయి, ఆ కేసులు కోర్టులో నిలవలేదు. నిర్దోషులుగా బయటపడినవారికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఈలోగా దర్యాప్తు సీబీఐకి, ఆపై ఎన్‌ఐఏకు వెళ్లి, హిందూత్వ సంస్థలతో సంబంధం ఉన్నవారిపై అభియోగాలు నమోదయ్యాయి. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ సాక్ష్యాలు లేవని విడుదల చేసింది. విచారణలో పలువురు సాక్షులు ముందు చెప్పిన మాట మార్చుకున్నారు. తీర్పు చెప్పిన న్యాయమూర్తి అదే రోజు రాజీనామా సమర్పించారు. అదే ఏడాది సెప్టెంబరులో గోకుల్ చాట్, లుంబినీ పార్కు కేసులో మరో కోర్టు ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవ శిక్ష విధించింది, ఇద్దరిని విడిచిపెట్టింది.

ఒకే నగరం, ఒకే ఏడాది, ఐదు నెలల తేడాతో రెండు తీర్పులు. వీటిపై నడిచిన వాదనలను గుర్తు చేసుకుంటే నాకు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులే కళ్ల ముందు కనిపిస్తారు. ముస్లిం యువకులను కోర్టు విడిచిపెట్టినప్పుడు సాంకేతిక కారణాలతో బయటపడ్డారని అన్నవారు, ఏప్రిల్ తీర్పు రాగానే కోర్టే నిర్దోషులని చెప్పాక ఇంకేం కావాలని అన్నారు. యువకుల విడుదలే వారి నిర్దోషిత్వానికి తిరుగులేని రుజువని చెప్పినవారు, ఏప్రిల్‌లో సాక్షులు ఎందుకు తిరగబడ్డారో, దర్యాప్తు ఎవరి కోసం నీరుగారిందో చెప్పమని అడిగారు. సెప్టెంబరులో మళ్లీ ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు. నేను ఇందులో నుంచి తప్పించుకున్నానని చెప్పలేను. ఏప్రిల్ తీర్పు వార్త చూడగానే నేను వెతికింది న్యాయమూర్తి రాజీనామా గురించి, సెప్టెంబరు తీర్పు రోజు వెతికింది శిక్షల వివరాల గురించి. మొదటి కేసులో ప్రాసిక్యూషన్ ఏ సాక్ష్యం చూపలేకపోయింది, రెండో కేసులో ఏ సాక్ష్యం చూపింది అన్నది చదవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ క్రమం మంచిది కాదని ఇప్పుడు అనిపిస్తోంది.

రెండు కేసులూ ఒకటే, రెండు తీర్పులూ సమానంగా బలమైనవి అని నేను అనడం లేదు. అందరూ అందరే అని చేతులు దులుపుకోవడం కూడా పక్షపాతంలో ఒక రకమే, కష్టపడి ఆధారాలు చూడటం తప్పించుకునే మార్గమే. సాక్షులు మాట మార్చడం నిజంగా ఆందోళన కలిగించే విషయం. పోలీసు కస్టడీలో చెప్పించిన మాటలపై కేసు నిలబెట్టడం కూడా అంతే ఆందోళన కలిగించే విషయం. ఆ రెండు ఆందోళనల్లో మనకు ఏది ఎప్పుడు కలుగుతోంది అన్నదే నా ప్రశ్న. నిందితుడి పేరు వినకముందు కలిగితే అది న్యాయం మీద ఆందోళన. పేరు విన్నాక మాత్రమే కలిగితే దాన్ని మరోసారి పరీక్షించుకోవాలి.

మాటల ఎంపికలోనూ ఇదే తేడా దాగి ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో ఒక తెలుగు ఇంజనీరును ఒక శ్వేతజాతీయుడు బార్‌లో కాల్చి చంపాడు, ఆయన మిత్రుడు గాయపడ్డాడు. మా దేశం నుంచి పొండి అని అరిచి కాల్చిన ఆ వ్యక్తి, వాళ్లిద్దరూ ఇరానీయులనుకున్నాడు. అప్పుడు ఇక్కడా, అక్కడి తెలుగువాళ్లలోనూ చాలాసార్లు వినిపించిన మాట పొరపాటున చంపాడని. ఎంతో దుఃఖంలో వచ్చిన మాట అది, అన్నవారిని తప్పుపట్టలేను. అయినా ఆ మాట లోపల ఒక భయంకరమైన ఒప్పుకోలు ఉంది. నిజంగా ఇరానీయుడే అయి ఉంటే అప్పుడది పొరపాటు కాకపోయేదా?

2025 నాటి భారత్-పాకిస్తాన్ యుద్ధ దినాలకు ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో మతం అడిగి మరీ 26 మందిని చంపారు. మృతుల్లో విశాఖపట్నం, కావలి వాసులు ఉన్నారు, పర్యాటకులను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న కశ్మీరీ ముస్లిం గుర్రపువాడూ ఉన్నాడు. భర్తను కళ్ల ముందే పోగొట్టుకున్న ఒక నౌకాదళ అధికారి భార్య, ముస్లింలను, కశ్మీరీలను లక్ష్యం చేసుకోవద్దని చెప్పిన పాపానికి సామాజిక మాధ్యమాల్లో ఆమెపై దుర్భాషల వర్షం కురిసింది. అంతవరకు ఆమె దుఃఖాన్ని బొమ్మలు గీసి పంచుకున్నవారిలో కొందరికి, ఆమె నోటి మాట తమ వాదనకు సరిపోకపోవడంతో ఆమె దుఃఖమే అనుమానాస్పదమైంది. మే 8 రాత్రి కొన్ని జాతీయ చానెళ్లు కరాచీ ఓడరేవు ధ్వంసమైందని ప్రకటించాయి, సరిహద్దు అవతల వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధ దృశ్యాలుగా చెలామణి అయ్యాయి. మన విమానాలేమైనా కూలాయా అని అడిగినవారిని దేశద్రోహులన్నారు. మే 31న సింగపూర్‌లో మన త్రిదళాధిపతి అనిల్ చౌహాన్ స్వయంగా, సంఖ్య చెప్పకపోయినా, విమానాలు కోల్పోయామని ఒప్పుకున్నారు. అప్పుడు తిట్టినవారిలో ఎంతమంది ఆ మాట వెనక్కి తీసుకున్నారో నాకు గుర్తు లేదు, ఒక్కరినైనా చూసిన జ్ఞాపకమైతే లేదు. కాల్పుల విరమణ కుదిరిన మే 10వ తేదీనే శంషాబాద్‌లో ఒక గుంపు కరాచీ బేకరీ బోర్డుపై దాడి చేసింది. దేశ విభజనలో సింధ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఒక హిందూ కుటుంబం, పోగొట్టుకున్న ఊరి పేరును 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర తమ దుకాణానికి పెట్టుకుంది. విభజన బాధితుల జ్ఞాపకాన్నే శత్రువు జెండాగా చదవగలిగారంటే, అక్కడ చదివింది బోర్డును కాదని స్పష్టమే.

సొంత పక్షాన్ని నిలదీయడం అసాధ్యమని చెప్పడానికి లేదు. మళ్లీ బీరూట్ దగ్గరికే వెళ్దాం. మారణకాండ వార్త తెలిశాక 1982 సెప్టెంబరు 25న టెల్ అవీవ్‌లో భారీ ప్రదర్శన జరిగింది, అందులో 4 లక్షల మంది పాల్గొన్నారని నిర్వాహకులు చెప్పారు. యుద్ధం ఇంకా ముగియని దేశంలో, చనిపోయింది శత్రువర్గంగా చూసే జనమైనప్పుడు, తమ ప్రభుత్వమే జవాబు చెప్పాలని వారు రోడ్డెక్కారు. సుప్రీంకోర్టు అధ్యక్షుడు యిట్జాక్ కహాన్ నేతృత్వంలో విచారణ సంఘం ఏర్పడింది. 1983 ఫిబ్రవరిలో వచ్చిన దాని నివేదిక, జరగబోయేది ఊహించి అడ్డుకోనందుకు రక్షణ మంత్రి ఏరియల్ షరోన్‌కు వ్యక్తిగత బాధ్యత ఉందని తేల్చింది. ఆ నివేదికను అమలు చేయాలంటూ సాగిన ఊరేగింపుపై మరో ఇజ్రాయెలీ యూదుడే గ్రెనేడ్ విసిరి ఒక ప్రదర్శనకారుణ్ణి చంపాడు. షరోన్ రక్షణ శాఖ వదులుకున్నా మంత్రివర్గంలోనే ఉండి, 2001లో ప్రధాని అయ్యాడు. స్వయంగా చంపిన మిలీషియావారిలో ఎవరిపైనా లెబనాన్‌లో విచారణ జరగలేదు, 1991 నాటి క్షమాభిక్ష చట్టం ఆ తలుపులు మూసేసింది. ఆ విచారణ న్యాయం చేసిందని చెప్పలేం. అయినా ఆ ప్రశ్నను అడిగినవారు అటువైపు వారు కారు, ఇటువైపు వారే. అందుకే నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఆ నివేదికను అరబ్ రచయితలూ ఉటంకిస్తారు, ఇజ్రాయెలీ రచయితలూ ఉటంకిస్తారు.

మక్కా మసీదు నుంచి గోకుల్ చాట్‌కు మూసీ దాటి నాలుగు కిలోమీటర్లకు మించదు. 2007 నాటి ఆ ఘటనల్లో ఒకదాని ప్రస్తావన వస్తే రెండోదాన్ని బదులుగా విసరడం మన చర్చల్లో అలవాటుగా మారింది. మసీదులో పేలిన బాంబుకు ఈ రోజుకీ దోషి అని కోర్టు తేల్చిన మనిషి ఒక్కడూ లేడు. ఆ బాంబు పెట్టిందెవరు అని ఏటా మే నెలలో పాతబస్తీ అడుగుతూనే ఉంది. కోఠి వైపు నుంచి ఆ ప్రశ్న వినాలని నేను ఎదురుచూస్తున్నాను, ఆగస్టు 25న పాతబస్తీ నుంచి గోకుల్ చాట్ మృతుల పేర్లు వినాలని కూడా.