అణు ఓడకి అన్నం మాటు

గాలిపటం చిరిగితే అన్నం మెతుకు నలిపి అతికించని తెలుగువాడు ఉండడు. ఈ టెక్నాలజీకి అంతర్జాతీయ గుర్తింపు 1974లోనే వచ్చేసింది, అదీ జపాన్ వాళ్ళ అణు ఓడ మీద, అయినా మనం క్రెడిట్ అడగలేదు చూడండి, అదీ మన పెద్దమనిషి తరహా.

ఓడ పేరు ముత్సు. సరుకులు మోస్తుందని 1969లో నీళ్ళలోకి దించారు, అణుశక్తితో నడిపే 36 మెగావాట్ల రియాక్టర్. దాని చుట్టూ కవచం డిజైన్ చూసి రేడియేషన్ లీకవ్వొచ్చు బాబూ అని అమెరికా రియాక్టర్ల కంపెనీ వెస్టింగ్‌హౌస్ వాళ్ళు ముందే చెప్పారు. జాతకం చూపించుకుని, దోషం ఉందనగానే కాగితం మడిచి దూలంలో దోపేసినట్టు అయింది ఆ సలహా.

ఓడ కట్టేసి ఉన్న ఓమినాటో రేవులో స్కాలప్ గుల్లలు పెంచుకునే జాలర్లు, రేడియేషన్ భయంతో పడవలు అడ్డం పెట్టి కదలనివ్వలేదు. ఆగస్టు 26 అర్ధరాత్రి దాటాక తుఫాను గాలికి పడవలు చెదిరిపోతే, అద్దె బాకీ ఉన్నవాడు ఓనరు నిద్రపోయాక సామాన్లు సర్దుకున్నట్టు ముత్సు చల్లగా జారుకుంది. సెప్టెంబర్ 1న, ఫుల్ పవర్‌లో 1.4 శాతం దగ్గరే, కవచం సందుల్లోంచి న్యూట్రాన్లు, అంటే రియాక్టర్లో పుట్టే కంటికి కనబడని రేణువులు, బయటికొచ్చేశాయి.

అప్పుడు వండారండీ అన్నం. బోరాన్ అనే మూలకం కలిపి ముద్దలు చేసి రియాక్టర్ పైన సందుల్లో కూరారు, పాత సాక్సులు కూడా వాడారంటారు. నవ్వకండి, ఇందులో సైన్స్ ఉంది, అన్నంలో నీళ్ళు, నీళ్ళలో హైడ్రోజన్, దాన్ని గుద్దుకుని న్యూట్రాన్ల జోరు తగ్గుతుంది, నీరసించినవాటిని బోరాన్ మింగేస్తుంది. సాక్సుల సంగతే నాకు అంతుబట్టలేదు, ఆ వాసనకి న్యూట్రాన్లే వెనక్కి పోతాయేమో.

వెళ్ళడం దొంగచాటుగా వెళ్ళింది గానీ రావడానికి రేవు లేదు. మొత్తం 50 రోజులు నీళ్ళ మీదే, పరిహారం ఇస్తాం, ఓడకి వేరే రేవు చూసుకుంటాం అని ప్రభుత్వం ఒప్పుకున్నాకే జాలర్లు దారి ఇచ్చారు. తర్వాత ససెబో అనే ఇంకో రేవులో రిపేర్లు, సెకినెహామాలో దీనికోసమే కొత్త రేవు, ఖర్చు 12,000 కోట్ల యెన్లు దాటింది. చివరికి 1991లో అన్ని పరీక్షలూ పాసై, 82,000 కిలోమీటర్లు తిరిగి, 1992లో రిటైరైంది. ఒక్క బస్తా సరుకు మొయ్యలేదు, ఒక్క బస్తా పోగొట్టనూ లేదు, ఏ షిప్పింగ్ కంపెనీకి ఉంది చెప్పండి ఈ రికార్డు?

1995లో రియాక్టర్ని కోసి తీసి మ్యూజియంలో పెట్టారు, మందపాటి గాజు వెనకాల నుంచి చూసి రావచ్చు. మిగిలిన ఓడకి డీజిల్ ఇంజిన్లు బిగించి సముద్ర పరిశోధనకి పంపారు, పేరు కూడా మార్చారు. మిరాయ్ అట. వాళ్ళ భాషలో భవిష్యత్తు అని అర్థం.